ఒకే సగటు, రెండు తోటలు: ఉద్దానం చెప్పే సంభావ్యతా పాఠం

2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున 4:30, 5:30 గంటల మధ్య తిత్లీ అతి తీవ్ర తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. భారత వాతావరణ విభాగం నమోదు ప్రకారం అప్పటి గాలి వేగం గంటకు 140 నుండి 150 కిలోమీటర్లు. ఒక్కొక్క విసురులో అది 165 కిలోమీటర్లకు చేరింది. తెల్లవారి చూసుకునేసరికి వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాల్లో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకొరిగి ఉన్నాయి. ఉద్యానమనే మాటే ఉద్దానమైందని చెప్పుకునే ప్రాంతమది. తోటే అక్కడి వారి ఆస్తి, తోటే వారి జీతం.

తోట కోల్పోయిన రైతు విస్తరణ శాస్త్రవేత్తను అడిగే ప్రశ్న సూటిగా ఉంటుంది: "మళ్ళీ మొక్క వేస్తే కాపు దాకా నిలుస్తాదా బాబూ?" ఇలాంటి గాలి ఇరవై ఏళ్ళకొకసారి కదా వచ్చేది, ధైర్యంగా వేయండి అన్నది సాధారణంగా వినిపించే సమాధానం. ఆ మాటలో ఊరట ఉంది. కాని దానికి గణిత పరంగా ఉన్న అర్థం, రైతు దాని నుండి గ్రహించే అర్థం ఒకటి కావు. ఈ తేడాను తేల్చే సాధనాలు బి.యస్‌సి. వ్యవసాయ విద్యార్థి చదివే తొలి సాంఖ్యకశాస్త్ర పాఠాల్లోనే ఉన్నాయి. అవే యాదృచ్ఛిక చలరాశులు, సంభావ్యతా విభాజనాలు. నాణేలతో, పాచికలతో నేర్చుకునే ఆ పాఠంలో ఒక షరతు మాత్రం ఎప్పుడూ చాటున ఉండిపోతుంది. పలాస జీడి బస్తా నుండి, టెక్కలి వరి మడి మీదుగా, ఉద్దానం కొబ్బరి తోట దాకా ఆ షరతును వెంబడించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

లెక్కించేది ఏమిటి?

యాదృచ్ఛిక ప్రయోగంలో వచ్చే ప్రతి ఫలితానికీ ఒక సంఖ్యను జతచేసే ప్రమేయమే యాదృచ్ఛిక చలరాశి. మచ్చులో వచ్చిన పుచ్చు పిక్కల సంఖ్య, ఏడాదిలో కూలిన చెట్ల సంఖ్య విచ్ఛిన్న చలరాశులు. గాలి వేగం, మడిలో పండిన ధాన్యం తూకం అవిచ్ఛిన్న చలరాశులు. చలరాశి ఏ విలువను ఎంత సంభావ్యతతో తీసుకుంటుందో చెప్పేది దాని విభాజనం. ఆ విభాజనానికి కేంద్రం ఎక్కడుందో అంకమధ్యమం చెబుతుంది; విలువలు దాని చుట్టూ ఎంత చెదిరి ఉంటాయో విస్తృతి, దాని వర్గమూలమైన ప్రామాణిక విచలనం చెబుతాయి.

సూత్రాలకు ముందే తేల్చుకోవలసిన విషయం ఒకటుంది: చలరాశి నిర్వచనం. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాను కూడా శ్రీకాకుళం జిల్లాలోనే, కళింగపట్నానికి ఉత్తరంగా తీరం దాటింది. దాని గాలి వేగం గంటకు 75 నుండి 85 కిలోమీటర్లు. తిత్లీ వేగం దానికి రెట్టింపు కంటే కొంచెం తక్కువ. కాని గాలి కలిగించే ఒత్తిడి వేగం వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది కనుక చెట్టు మీద పడిన భారం మూడు రెట్లు దాటుతుంది. ఈ రెండింటినీ 'ఒక్కొక్క తుపాను' అంటూ ఒకే పట్టికలో వేస్తే వచ్చే సంఖ్య తోటకు ఏ విధంగానూ ఉపయోగపడదు. తోటకు కావలసిన చలరాశి 'చెట్లను కూల్చగల గాలి వచ్చిన పర్యాయాల సంఖ్య'. 'ఇరవై ఏళ్ళకొకసారి' అనేవారు ముందుగా చెప్పవలసింది తాము దేనిని లెక్కిస్తున్నారన్నది.

పలాస బస్తా: ద్విపద విభాజనం

పలాస–కాశీబుగ్గలోని జీడి పరిశ్రమకు చేరే పిక్కల ధర మచ్చు మీద ఆధారపడుతుంది. వ్యాపారి బస్తా నుండి కొన్ని పిక్కలు తీసి, కోసి, పుచ్చువి, తాలువి ఎన్నో లెక్కించి ధర చెబుతాడు. పిక్క సగటున 5 గ్రాములు తూగుతుందనుకుంటే 80 కిలోల బస్తాలో 16,000 పిక్కలుంటాయి. మచ్చుకు తీసేది 100 పిక్కలనుకుంటే, 16,000 పిక్కల తీర్పు 100 పిక్కల చేతిలో ఉందన్నమాట.

బస్తాలో నిజంగా పుచ్చు 10 శాతం ఉందనుకుందాం. 100 పిక్కల మచ్చులో వచ్చే పుచ్చుల సంఖ్య ద్విపద విభాజనాన్ని అనుసరిస్తుంది. దాని అంకమధ్యమం 10, విస్తృతి 9, ప్రామాణిక విచలనం 3. అదే బస్తా నుండి తీసిన మచ్చులో 13 లేదా అంతకు మించి పుచ్చులు రావడానికి సంభావ్యత సుమారు 20 శాతం. 7 లేదా అంతకు తక్కువ రావడానికి కూడా ఇంచుమించు అంతే. అంటే 13 వచ్చిన రైతు సరుకు, 7 వచ్చిన రైతు సరుకు ఒకే నాణ్యత కలవి కావచ్చు. ఒకరికి దక్కిన ధర మరొకరికి దక్కకపోవడానికి కారణం పంట కాక మచ్చే కావచ్చు. 400 పిక్కలు కోసి చూస్తే ప్రామాణిక విచలనం 6, అంటే 1.5 శాతం. చెదరుపాటు సగమైంది. దానికి మచ్చు నాలుగు రెట్లు కావలసి వచ్చింది.

ఇక్కడే ఆ చాటు షరతు మొదటిసారి కనబడుతుంది. ద్విపద విభాజనం ప్రతి పిక్కనూ మిగిలిన వాటితో సంబంధం లేని స్వతంత్ర ఫలితంగా భావిస్తుంది. ఒక పక్క తడిసిన బస్తాలో ఇది నిజం కాదు. అక్కడ పుచ్చు పిక్కలు గుంపుగా ఉంటాయి. గుప్పెడు పిక్కలూ ఒకేచోట తీస్తే 100 పిక్కలు చూసినట్లు లెక్కలో ఉన్నా, నిజానికి చూసింది బస్తాలోని ఒక మూల మాత్రమే. పైనుండి, మధ్య నుండి, అడుగు నుండి, వేర్వేరు బస్తాల నుండి పిక్కలు తీసి కలపాలన్న నియమం వెనుక ఉన్న సాంఖ్యక కారణం ఇదే.

టెక్కలి మడి: సామాన్య విభాజనం

పలాస నుండి జాతీయ రహదారి మీద దక్షిణానికి వస్తే టెక్కలి ప్రాంతంలో వరి కనబడుతుంది. వరి దిగుబడిని పంటకోత ప్రయోగాల ద్వారా అంచనా వేస్తారు. మహలనోబిస్ వంగదేశంలోను, పాన్సే, సుఖాత్మేలు భారత వ్యవసాయ పరిశోధనా మండలిలోను 1940 దశకంలో యాదృచ్ఛిక ఎంపిక ఆధారంగా తీర్చిదిద్దిన పద్ధతులే వీటికి పునాది. 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గల మడిని యాదృచ్ఛికంగా ఎంచి, కోసి, నూర్చి, తూస్తారు. ఆ మడి హెక్టారులో 400వ వంతు. కనుక తూకంలో అర కిలో తేడా హెక్టారుకు 2 క్వింటాళ్ళ తేడాగా మారుతుంది.

ఒక గ్రామంలో మడికి నిజమైన సగటు 11.25 కిలోలు, అంటే హెక్టారుకు 45 క్వింటాళ్ళు, ప్రామాణిక విచలనం 2 కిలోలు అనుకుందాం. ఇవి వివరణ కోసం తీసుకున్న సంఖ్యలు. ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన మార్గదర్శకాల్లో గ్రామ స్థాయి యూనిట్‌కు కనీసం 4 ప్రయోగాలు నిర్దేశించారు. నాలుగు మడుల సగటు కూడా ఒక యాదృచ్ఛిక చలరాశే. దాని ప్రామాణిక విచలనం 2ను 4 వర్గమూలంతో భాగించగా వచ్చే 1 కిలో. మడుల దిగుబడి సామాన్య విభాజనంలో ఉంటే, పంట బాగానే పండిన ఆ గ్రామంలో నాలుగు మడుల సగటు 10.25 కిలోల కంటే తక్కువగా కనబడడానికి 16 శాతం సంభావ్యత ఉంది. పంట నిజంగా దెబ్బతిన్న గ్రామంలో సగటు బాగున్నట్లు కనబడడానికి కూడా ఇదే తరహా అవకాశం ఉంది. నష్టపోయిన రైతుకు పరిహారం అందకపోవడానికి ఆ ఒక్క తేడా చాలు. 16 మడులు కోస్తే విచలనం అర కిలోకు తగ్గి, ఆ 16 శాతం 2.3 శాతమవుతుంది.

వాస్తవంలో ఆ 2 కిలోల విచలనం కూడా ముందుగా తెలియదు. నాలుగు మడుల నుండే దాన్ని కూడా అంచనా కట్టాలి. ఇలాంటి చిన్న మచ్చుల చిక్కును 1908లో విప్పినవాడు డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కర్మాగారంలో పనిచేసిన విలియం గోసెట్. 'స్టూడెంట్' అన్న మారుపేరుతో ఆయన ప్రచురించిన ఫలితమే నేటి టి–విభాజనం.

ఇక్కడ కూడా షరతు అదే. నాలుగు మడులూ కాలువ మొదట్లోనే పడితే అవి నాలుగు సాక్ష్యాలు కావు. ఒకే సాక్షి నాలుగుసార్లు చెప్పిన మాట అవుతాయి. యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక ఎంచిన మడి గట్టుకు దూరంగా ఉందని, దారికి దగ్గరి మడిని కోయడం ఈ కారణంగానే తప్పు.

ఉద్దానం తీరం: పాయిజాన్ విభాజనం

బస్తాలో పిక్కలు లెక్కించదగినవి, గ్రామంలో మడులు లెక్కించదగినవి. తుపానుల విషయంలో 'ఎన్నింటిలో ఎన్ని' అనే ప్రశ్నకు అర్థం లేదు. ఒక కాలవ్యవధిలో ఎన్నిసార్లు అన్నదే ప్రశ్న. అరుదైన సంఘటనలకు పాయిజాన్ విభాజనం నమూనాగా నిలుస్తుంది. బోర్ట్‌కీవిచ్ 1898లో ప్రష్యా అశ్విక దళాల్లో గుర్రపు తన్నుల వల్ల మరణించిన సైనికుల లెక్కలతో దీనిని ప్రసిద్ధం చేశాడు. 10 దళాలు, 20 ఏళ్ళు, మొత్తం 200 దళ–సంవత్సరాలు, 122 మరణాలు. సగటు 0.61 తో పాయిజాన్ సూత్రం ప్రకారం ఒక్క మరణమూ లేనివి 108.7 ఉండాలి, నిజానికి ఉన్నవి 109.

ఇప్పుడు 'ఇరవై ఏళ్ళకొకసారి' అన్న మాటను ఒక ఊహగా స్వీకరించి, ఏడాదికి సగటు 0.05గా తీసుకుందాం. 20 ఏళ్ళలో అలాంటి గాలి ఒక్కసారీ రాకపోవడానికి సంభావ్యత 37 శాతం. సరిగ్గా ఒక్కసారే రావడానికి 37 శాతం. రెండుసార్లు లేదా అంతకు మించి రావడానికి 26 శాతం. రైతు మనసులో 'ఇరవై ఏళ్ళకొకసారి' అంటే ఈ మూడింటిలో నడిమిది మాత్రమే. మిగిలిన 63 శాతం ఆ మాట చాటున కనబడకుండా పోతుంది.

ఈ నమూనాకు మరొక లక్షణం ఉంది: దానికి జ్ఞాపకం లేదు. నిరుడు తుపాను వచ్చింది కనుక ఈ ఏడాది రాదన్న హామీ అందులో లేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ వద్ద తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖపట్నం మీదుగా దాటింది. ఒకటి ఉద్దానానికి ఉత్తరాన, ఇంకొకటి దక్షిణాన. తిత్లీ 2018లో నేరుగా పలాస తీరానికే వచ్చింది. ఇలా దగ్గరదగ్గరగా రావడం చూసి లెక్క తప్పిందనుకోనక్కర లేదు. యాదృచ్ఛిక సంఘటనలు సమదూరాల్లో రావు; అవి గుంపులుగా కనబడడం సహజం.

అయితే ఈ నమూనాకూ పరిమితి ఉంది. ఏడాది సగటు స్థిరంగా ఉంటుందని అది భావిస్తుంది. సముద్రం వేడెక్కే కొద్దీ తీవ్రమైన తుపానుల వాటా పెరగవచ్చునని వాతావరణ శాస్త్రవేత్తలు హెచ్చరిస్తున్నారు. అందువల్ల 0.05 వంటి సంఖ్యను శాశ్వత సత్యంగా కాక, సవరించుకుంటూ పోవలసిన అంచనాగానే చూడాలి.

ఒకే సగటు, రెండు తోటలు

కొబ్బరి అభివృద్ధి బోర్డు అమలుచేసిన కొబ్బరి చెట్ల బీమా పథకంలో 16 నుండి 60 ఏళ్ళ వయసు గల చెట్టుకు బీమా మొత్తం 1,750 రూపాయలుగా, ఏడాది ప్రీమియం 14 రూపాయలుగా నిర్ణయించారు. 14ను 1,750తో భాగిస్తే 0.008 వస్తుంది. నిర్వహణ ఖర్చులు పక్కన పెడితే, ఏడాదిలో ఒక చెట్టు నష్టమయ్యే సంభావ్యత వెయ్యికి 8 అయినప్పుడు ప్రీమియం, పరిహారం సరితూగుతాయి. ప్రీమియం అంటే రూపాయల్లో రాసిన అంకమధ్యమమే.

ఇదే 0.008తో వంద చెట్ల తోటలు రెండింటిని ఊహించవచ్చు. మొదటి తోటలో చెట్లు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పోతాయి: ఒకటి పిడుగుకు, మరొకటి కొమ్ము పురుగుకు. రెండవ తోటలో చెట్లు తుపానుకే పోతాయి. ఏడాదికి 2 శాతం సంభావ్యతతో పెనుగాలి వచ్చి, వచ్చినప్పుడు 40 చెట్లను ఒకేసారి కూలుస్తుంది. మొదటి తోటలో ఏడాది సగటు నష్టం 0.8 చెట్టు. రెండవ తోటలోనూ 0.02ను 40తో గుణిస్తే వచ్చేది అదే 0.8. ఏ ఒక్క చెట్టును విడిగా చూసినా, అది నష్టమయ్యే సంభావ్యత రెండు తోటల్లోనూ 0.008 మాత్రమే.

అయినా ఇవి ఒకే రకం తోటలు కావు. మొదటి తోటలో విస్తృతి 0.79, రెండవ తోటలో 31.36. దాదాపు 40 రెట్లు. మొత్తం విస్తృతి విడివిడి విస్తృతుల మొత్తానికే సమానమని విద్యార్థి కంఠస్థం చేసే సూత్రం స్వతంత్ర చలరాశులకు మాత్రమే వర్తిస్తుంది. చలరాశులు స్వతంత్రం కానప్పుడు జంటల సహవిస్తృతులను కూడా కలపాలి. వంద చెట్లలో 4,950 జంటలుంటాయి. రెండవ తోటలో అదనంగా చేరిన విస్తృతి అంతా ఆ జంటల నుండి వచ్చిందే. ఇంతసేపూ వెంబడించిన షరతు ఇదే: స్వాతంత్ర్యం.

రైతు జీవితంలో ఈ తేడా ఎలా కనబడుతుంది? మొదటి తోటలో ఏడాదికి ఐదు చెట్లు పోవడం వెయ్యేళ్ళలో ఒకటి రెండుసార్లు జరిగే సంగతి. పోయిన చోట మొక్క నాటితే మిగిలిన చెట్లు ఇల్లు నడుపుతాయి. రెండవ తోటలో నూటికి 98 ఏళ్ళు ఏ నష్టమూ ఉండదు. మిగిలిన ఏళ్ళలో ఒక్క రాత్రిలో 40 చెట్లు పోతాయి. దేశవాళీ పొడవు రకం మొక్క మళ్ళీ కాపుకు రావడానికి ఆరేడు ఏళ్ళు పడుతుంది. ఇంకా మోసకరమైన విషయం, ఆ తోట రికార్డును వరుసగా 30 ఏళ్ళు రాసి ఉంచినా, అందులో ఒక్క నష్టమూ నమోదు కాకపోవడానికి 55 శాతం సంభావ్యత ఉంది. అప్పుడు నమోదైన సగటు సున్నా. విభాజనం చివరనున్న ముప్పును గతకాలపు సగటు చూడలేదు.

బీమా అర్థం ఇక్కడే స్పష్టమవుతుంది. ఉద్దానంలో గాలి వీచిన రాత్రి కోనసీమలోనో, కేరళలోనో చెట్లు కూలనక్కర లేదు. దూరప్రాంతాల చెట్లను ఒకే ఖాతాలో కలిపిన సంస్థకు స్వాతంత్ర్యం కొంతవరకైనా తిరిగి లభిస్తుంది. తోటంతా ఒకేచోట ఉన్న రైతుకు అది లభించదు. రైతు ప్రీమియంతో కొనేది లాభాన్ని కాదు, తాను మోయలేని విస్తృతిని బదిలీ చేసుకునే హక్కును. పదేళ్ళు కట్టినా ఏమీ రాలేదన్న రైతుకు సగటు లెక్కలతో జవాబు చెప్పలేం. విస్తృతి లెక్కతో చెప్పగలం.

విస్తరణలో పాటించవలసినవి

మిశ్రమ తోట వేస్తే నష్టభయం తగ్గుతుందని తరచుగా సూచిస్తారు. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస, మామిడి, అరటి కలిసి పెరగడం కొత్త కాదు. అయితే తిత్లీ రాత్రి ఆ గాలి వాటన్నింటి మీదా వీచింది. పంటల సంఖ్య పెరిగినంత మాత్రాన స్వాతంత్ర్యం పెరగదు. ధరల ఒడుదొడుకులు, చీడపీడల విషయంలో మిశ్రమ తోట రక్షణ ఇస్తుంది. గాలి విషయంలో ఆ రక్షణ స్వల్పం. సలహా ఇచ్చేటప్పుడు అడగవలసిన ప్రశ్న 'ఎన్ని పంటలు?' అన్నది కాక, 'ఒకే కారణానికి ఏవేవి కలిసి పోతాయి?' అన్నది కావాలి. పాడి, తుపాను కాలం గడిచాక వేసి త్వరగా చేతికందే స్వల్పకాలిక పంటలు, తీరానికి దూరంగా పెంచిన నారుమడి, బీమా: ఇవి గాలికి తోటతో పాటు కూలనివి, లేదా త్వరగా కోలుకునేవి. ఉన్న తోటలో ముసలి చెట్లు పోయేదాకా ఆగకుండా విడతలుగా మొక్కలు నాటితే, తోట మొత్తం ఒకే వయసులో, ఒకే స్థితిలో గాలికి ఎదురయ్యే పరిస్థితి తప్పుతుంది.

తరగతి గదిలో కూడా ఒక మార్పు అవసరం. ద్విపద, పాయిజాన్, సామాన్య విభాజనాల లెక్కలు చేయించాక, ప్రతి లెక్క చివర విద్యార్థి ఒక వాక్యం రాయాలి: ఇక్కడ స్వాతంత్ర్యం ఎందుకు నిజం, లేదా ఎందుకు కాదు. తడిసిన బస్తా, కాలువ మొదటి మడులు, తుపాను గాలిలో తోట అతనికి ఉదాహరణలుగా ఉండాలి.

ఇక రైతు ప్రశ్న. మళ్ళీ మొక్క వేస్తే కాపు దాకా నిలుస్తుందా? ఏడాదికి 0.05 అన్న ఊహతోనే లెక్కిస్తే, మొదటి ఏడేళ్ళలో అలాంటి గాలి రాకపోవడానికి సంభావ్యత 70 శాతం; కనీసం ఒక్కసారి రావడానికి 30 శాతం. చెట్టు ఆయుష్షు 60 ఏళ్ళనుకుంటే, ఒక్కసారీ రాకపోవడానికి 5 శాతం మాత్రమే. కనుక నిజాయితీ గల సమాధానం ఇలా ఉండాలి: పది మొక్కల్లో ఏడు నిలుస్తాయని ఈ లెక్కకు అర్థం కాదు, తోట మొత్తం గాలికి గురికాకుండా కాపుకు వచ్చే అవకాశం పదింట ఏడు పాళ్ళు, గాలి వస్తే మాత్రం చాలా చెట్లు కలిసే పోతాయి. చెట్టు జీవితకాలంలో గాలి ఎప్పుడో ఒకప్పుడు వస్తుందనుకునే మొక్క వేయాలి. ఆ ఏడేళ్ళకు ఇల్లు గడిచే దారిని మొక్క నాటిన రోజే ఆలోచించుకోవాలి. సగటు చెప్పి ఊరడించడం కంటే ఈ సమాధానం కొంత కఠినంగా వినిపించవచ్చు. అయినా రైతు తన నిర్ణయాన్ని నిలబెట్టుకోగలిగేది దీని మీదనే.